చివరి బండి వెంకటముని

పుత్తూరులో విరిగిన ఎముకలకు కట్టు కట్టే వెంకటముని చేతివేళ్ళకు కళ్ళుంటాయని ఆ చుట్టుపక్కల ఊళ్ళలో చెప్పుకుంటారు. వాపు మీద వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకుంటే చాలు, విరిగిన చోటు ఆయనకు దొరికిపోతుంది. పసరు, గుడ్డు సొన, వెదురు బద్దలు, తెల్లగుడ్డ. వాళ్ళ నాయన నేర్పిన ఈ పనిలోనే ముప్పయ్యేళ్ళు గడిచాయి. మనిషి మాటలు మాత్రం మహా పొదుపు. వచ్చినవాళ్ళను రెండే అడుగుతాడు: "యాడ పడినావు? ఎప్పుడు పడినావు?"

ఎందుకు పడ్డావని ఎవరినీ అడిగేవాడు కాదు.

తొమ్మిదేళ్ళ క్రితం, ఒక వానాకాలంలో, చిన్ననాటి స్నేహితుడు చెంగయ్య ఆయన దగ్గరికి మూడుసార్లు వచ్చాడు. లారీ తోలే మనిషి. మొదటిసారి వేలు విరిగింది, రెండోసారి మణికట్టు బెణికింది. మూడోసారి దెబ్బేమీ లేదు. బల్ల మీద కూర్చుని, "నొప్పిగా ఉండాది మునీ. యాడో తెలీలా" అన్నాడు. వెంకటముని భుజాలూ వెన్నూ తడిమి చూసి, "ఏమీ లేదు పో, బాగనే ఉండావు" అన్నాడు. చెంగయ్య నవ్వాడు. చాన్నాళ్ళకు తేలిగ్గా, హాయిగా నవ్వాడు. మూడు రోజుల తర్వాత ఆ ఇంట్లోంచి ఏడుపులు వినిపించాయి. తనంతట తనే పోయాడని ఊరంతా గుసగుసలాడింది.

ఆ నవ్వు వెంకటమునికి ఇప్పటికీ కలలోకి వస్తుంది.

ఈ ఏడాది సంక్రాంతి దాటాక తిరుపతి నుంచి గిరిప్రసాద్ అనే లెక్చరర్ వాచిన కుడిచేత్తో వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. రెండేళ్ళ క్రితం తమ్ముడు ప్రాణం తీసుకుంటే, ఆ దుఃఖంలోనే ఒక బైకు యాత్ర మొదలుపెట్టాడు. మనసు బాగాలేక కూడా పైకి చెప్పుకోలేని మగవాళ్ళ కోసం ఊరూరా తిరిగి మాట్లాడడం, చందాలు పోగుచేసి వాళ్ళకు వైద్యం చేయించడం.

"బాత్రూములో జారినానన్నా" అన్నాడు.

వెంకటముని వేళ్ళు ఆనించాడు. జారినవాడు అరచేతులు మోపి పడతాడు, మణికట్టు పోతుంది. ఈయనకు విరిగింది చిటికెనవేలి మెటిక కింద. పిడికిలి బిగించి గోడను గుద్దితే అక్కడ విరుగుతుంది. నోటిదాకా వచ్చిన ప్రశ్నను మింగి, కట్టు కట్టి పంపేశాడు.

నెల దాటాక కట్టు విప్పే రోజున గిరిప్రసాదే అడిగాడు: "వచ్చే ఆదివారం తిరుపతి నుంచి ఐరాల మీదుగా చిత్తూరుకు యాత్ర ఉండాది. ఎవురైనా పడితే సూసేదానికి మీరు రాగూడదా? చివరి బండి మీది. ఒకటే నియమం, మీ వెనకాల మా బండి ఒక్కటి కూడా ఉండగూడదు."

ఎన్నడూ ఊరు దాటి ఇలాంటి వాటికి పోని వెంకటముని వెంటనే ఒప్పుకున్నాడు. ఎందుకు ఒప్పుకున్నాడో ఇంట్లోవాళ్ళకు అర్థం కాలేదు.

ఆదివారం పొద్దున తిరుపతిలో నలభై బండ్లు బారులు తీరాయి. మబ్బు పట్టి, గాలి ఆడక, కొండ సగం దాకా కనబడడం లేదు. గిరిప్రసాద్ మైకు పట్టుకుని, "ఏడుపొస్తే ఏడ్సండప్పా. సిగ్గు పడొద్దండి. ఒక్క మనిషికన్నా చెప్పండి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మాట్లాడినంతసేపూ ఆయన ఎవరి ముఖమూ చూడలేదని వెంకటముని గమనించాడు.

నీళ్ళ సీసాలూ ఫలహారాలూ కారులో సర్దుతున్న ఆయన భార్య రూపశ్రీ పలకరించింది.

"మీ కట్టు మహిమేమో అన్నా, మూడు దినాలుగా ఆయన బాగుండాడు. నెలల తరబడి నిద్రలేని మనిషి, హాయిగా నిద్రపోతాండాడు. ఏదో బరువు దించుకున్నట్టుండాడు."

వెంకటమునికి చెంగయ్య నవ్వు గుర్తొచ్చింది. ఆమెకేం చెప్పాలి? ఏమీ తెలియకుండా ఏమని చెప్పాలి? తల ఊపి బండెక్కాడు.

పూతలపట్టు దగ్గర టీకి ఆగారు. అక్కడ గిరిప్రసాద్ తన తోటి నిర్వాహకుడు మోహన్‌కృష్ణను పిలిచి, "ముందర నువ్వు పో. నేను వెనకాల వస్తా" అన్నాడు. తర్వాత వెంకటముని దగ్గరికొచ్చి తన ఫోను ఆయన కట్టుగుడ్డల సంచిలో వేశాడు.

"ఐరాలలో రూపశ్రీకి ఇచ్చేయన్నా."

"మీరే ఇయ్యొచ్చు గదా సార్?"

గిరిప్రసాద్ వినబడనట్టే వెళ్ళిపోయాడు.

ఐరాల దారిలోకి మళ్ళాక రెండు పక్కలా మామిడి తోటలు. గిరిప్రసాద్ బండి నెమ్మదించింది. ముందున్న బండ్లు ఒక్కొక్కటే మలుపు తిరిగి కనుమరుగయ్యాయి. చప్పుడు దూరమైంది. గిరిప్రసాద్ ఎడంచేత్తో, నువ్వు దాటి పొమ్మని సైగ చేశాడు. వెంకటముని దాటలేదు. గిరిప్రసాద్ ఇంకా నెమ్మదించాడు. వెంకటమునీ నెమ్మదించాడు. చివరికి రెండు బండ్లూ రోడ్డు పక్కన ఆగిపోయాయి.

"టైరులో గాలి తగ్గినట్టుండాది. నువ్వు పో అన్నా, వచ్చేస్తా."

వెంకటముని దిగి రెండు టైర్లూ నొక్కి చూశాడు. రాయిలా ఉన్నాయి.

"గాలి బాగనే ఉండాది సార్. నా వెనకాల బండి ఉండగూడదని మీరే చెప్తిరి."

"ఇప్పుడు నేనే చెప్తాండా, పో!"

తోటలో పిట్టలు లేచిపోయాయి. అంత గట్టిగా అరిచిన మనిషి ముఖంలో కోపం లేదు. ఏమీ లేదు. సంచిలో ఫోను మోగడం మొదలుపెట్టింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది.

వెంకటముని చెయ్యి చాచి గిరిప్రసాద్ బండి తాళం లాగేసుకున్నాడు. గిరిప్రసాద్ ఆయన మణికట్టు పట్టుకున్నాడు. తను అతికించిన చేతికి అంత బలం వచ్చిందని వెంకటముని అనుకోలేదు. నొప్పి మోచేతిదాకా పాకింది. అయినా పిడికిలి విప్పలేదు. ముప్పయ్యేళ్ళలో ఎవరినీ అడగని మాట అప్పుడు అడిగాడు. సార్, మీరు అనే మర్యాదలన్నీ పోయాయి.

"సచ్చిపోదామనుకుంటాండావా అబ్బా?"

గిరిప్రసాద్ పట్టు సడలలేదు. తర్వాత ఆయన పెదవులు కదిలాయి.

"ఈ పొద్దే అనుకున్నా."

మణికట్టు వదిలేసి, మట్టిలో కూలబడ్డాడు.

"కారణమేదన్నా ఉంటే చెప్పేసేవాణ్ణే అన్నా. ఏమీ లేదు. లేస్తే ఖాళీ, పడుకుంటే ఖాళీ. నలభై మందికి నోరు తెరవమని చెప్పేవాణ్ణి, నేనే ఇట్లుండానని ఎవురికి చెప్పేది?"

"నాకు చెప్తివి గదా. ఇంగ చాలు."

ఫోను మళ్ళీ మోగింది. వెంకటముని తీశాడు. అటువైపు రూపశ్రీ. "అమ్మా, సార్ నాతోనే ఉండాడు. మనసు అస్సలు బాలేదు, ఒంటరిగా ఇడిసేది లేదు. కారు వెనక్కి తిప్పు, ఈ పొద్దే డాక్టరుకాడికి పోవల్ల."

"చెప్పొద్దన్నా! నిన్ను నమ్మితినే" అన్నాడు గిరిప్రసాద్.

"తిట్టుకో. ఎంతన్నా తిట్టుకో."

కారు వచ్చేసరికి అరగంట పైనే పట్టింది. అంతసేపూ వెంకటముని ఆయన భుజానికి భుజం ఆనించి కూర్చున్నాడు. గిరిప్రసాద్ ఒకసారి లేవబోయాడు. వెంకటమునీ లేచాడు. ఇద్దరూ మళ్ళీ కూర్చున్నారు.

తిరుపతిలో మానసిక వైద్యురాలు ఆయనను ఆ సాయంత్రమే చేర్చుకుంది. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. యాత్ర చిత్తూరుకు చేరింది గానీ అక్కడ సభ జరగలేదు. మాట ఎలాగో బయటికి పొక్కింది. కొందరు నవ్వారు. మోహన్‌కృష్ణ మాత్రం వారం తిరక్కుండా అదే వైద్యురాలి దగ్గర తన పేరూ రాయించుకున్నాడు. తనకూ ఏడాదిగా బాగాలేదని అప్పుడే బయటపెట్టాడు.

గిరిప్రసాద్ రెండు నెలలు వెంకటమునితో మాట్లాడలేదు. చూడడానికి వెళ్తే గోడవైపు తిరిగి పడుకునేవాడు. జూన్‌లో కాలేజీకి పోవడం మొదలుపెట్టాడు. గండం గడిచినట్టేనా అని రూపశ్రీ అడిగితే, మందులు ఆపొద్దనీ, కనిపెట్టుకుని ఉండమనీ మాత్రమే డాక్టరమ్మ చెప్పింది.

పుత్తూరులో ఇప్పుడు వెంకటముని, ఎందుకు పడినావని, మూడో ప్రశ్న కూడా అడుగుతున్నాడు. కొందరికి కోపమొస్తుంది. "ఎముక సూడమంటే మనసు సూస్తావేందప్పా" అని ఒకాయన లేచి పోయాడు కూడా.

మొన్న మంగళవారం పొద్దున, ఒక ముసలాయన మోకాలికి పసరు పట్టిస్తుండగా ఫోను మోగింది. గిరిప్రసాద్.

"ఈ పొద్దు బాలేదన్నా" అన్నాడు.

"పక్కన ఎవురుండారు?"

"రూపశ్రీ ఉండాది."

"ఆమెను ఆడనే ఉండమను. వస్తాండా."

సగంలో ఉన్న కట్టును, పనిలో సాయం చేసే తన తమ్ముడికి అప్పగించి, చేతులకంటిన పసరు కడుక్కుని, వెంకటముని తిరుపతి బస్సెక్కాడు.