డ్రైవరుగారి పొట్టు పాస్తా

సూపర్ మార్కెట్లో పాస్తా వరుస ముందు గుండీలక్క నేల మీద చతికిలబడింది. కూర్చోక తప్పదు. తెల్ల పాస్తాకి కళ్లెదురుగా, చేతికందే అరలో పెద్దపీట వేశారు. పొట్టుతో సహా ఆడించిన ముడి గోధుమ పాస్తాకి మాత్రం అట్టడుగు అర, అదీ మూలకి, పిల్లుల తిండి డబ్బాల పక్కన. సవతి బిడ్డకి చాప పరిచినట్టు పరిచారు పాపం. ఆమె ఒక్కో పొట్లం బయటికి లాగి, వెనక చీమతలకాయంత అక్షరాల్లో రాసినదంతా కూడబలుక్కుంటోంది. ఒకదాని మీద గోధుమ వెన్ను బొమ్మ ముద్దొస్తోంది గాని, వెనక్కి తిప్పితే మొదటి మాటే మైదా. పైన పటారం, లోన లొటారం. దాన్ని లోపలికి తోసేసింది.

గుండీలక్క అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. లాండ్రీలో ఆమె పని ఊడిన గుండీలు కుట్టడం, పాడైన జిప్పులు మార్చడం. ఆమె కుట్టిన గుండీ చొక్కా చిరిగినా ఊడదని పేరు. అంత గట్టి చేతి మనిషి ఇప్పుడు ఒక్క పాస్తా పొట్లం ఏదో తేల్చుకోలేకపోతోంది. కారణం ఇంట్లో ఉన్న మనిషి.

ఆయన సిటీ బస్సు డ్రైవరు. బస్సెక్కితే ఎంత నిదానమో, కంచం ముందు కూర్చుంటే అంత దూకుడు. సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికొచ్చాక ఆయనకి కావలసింది ఒక్కటే, టమాటా, వెల్లుల్లి వేసి కలిపిన పాస్తా, గిన్నెడు. మెలికలు తిరిగిన రకాన్ని ఆయన స్ప్రింగులనేవారు. ఆ స్ప్రింగుల మీదే ఏళ్ల తరబడి సంసారం హాయిగా నడిచింది. అలాంటిది, కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని వీధి చివర డాక్టరు దగ్గరికి వెళితే ఆయన రక్తం తీసి చూసి షుగరన్నాడు. మాత్ర రాసిచ్చి, నడవమన్నాడు, తెల్ల పిండి మానేసి పొట్టుతో ఉన్నది తినమన్నాడు, అదీ కొలతగా. డిపోలో ఏటా డ్రైవర్లకి చేసే పరీక్ష దగ్గర పడుతోంది. అప్పటికి షుగరు దిగకపోతే స్టీరింగు చేతిలో ఉంచాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం.

డాక్టరు దగ్గర్నించి బయటికి రాగానే ఆయన భార్య చెయ్యి పట్టుకున్నారు. పెళ్లిలో కూడా అంత గట్టిగా పట్టుకోలేదు.

"ఇది మనిద్దరి మధ్యే ఉండాలి. పైవాటాలో ఉన్న మా చెల్లెలికి కూడా చెప్పకు. డ్రైవరుకి షుగరని తెలిస్తే నా బస్సెక్కినవాడు సీట్లో కూర్చోడు, తలుపు దగ్గరే నిలబడతాడు, దూకెయ్యడానికి వీలుగా."

"నేనెందుకు చెప్తానండీ? నా నోట్లో నువ్వుగింజ నానదనుకున్నారా?"

ఆయన ఆమె నోటి వంక ఓసారి చూసి ముందుకి నడిచారు. అదే జవాబు.

ఆ రోజు మొదలు ఆమెకి ఒకటే యావ. మొదట తెచ్చిన పొట్టు పాస్తా నోట్లో పెట్టుకుని ఆయన చాలాసేపు నమిలారు. "ఇది తినేదా, సామాను ప్యాక్ చేసేదా?" అన్నారు. అట్టముక్కలా ఉంది, పైగా గొంతులో చేదు. రెండోసారి తెల్లదీ పొట్టుదీ సగం సగం కలిపి, పైన టమాటా గుమ్మరించి మాయ చేయబోయింది. ఆయన మాట్లాడకుండా తెల్లవన్నీ తిని, పొట్టువన్నీ కంచం అంచున వరసగా పార్కు చేశారు, డిపోలో బస్సుల్లాగా. మూడోసారి ఇంకాసేపు ఉడికిస్తే పైన జిగురు, లోపల ఇసుక. ఆ తర్వాత ఆయన విసుక్కోవడం మానేశారు. నాలుగు మెతుకుల్లాంటివి తిని, "కడుపు నిండింది" అని లేచిపోవడం మొదలుపెట్టారు. మొగుడు కంచం ముందు తిడితే ఆడదానికి ధైర్యంగా ఉంటుంది. తిట్టకుండా లేచిపోతేనే భయం.

ఆ భయం ఊరికే పోలేదు. యూనిఫాం ఉతకబోతూ జేబులో చెయ్యి పెడితే తీపి బన్ను పొడి గోళ్లలో ఇరుక్కుంది. ఇంట్లో ఆకలితో లేచిన మనిషి దారిలో బన్నులు తింటున్నారన్నమాట. అడిగితే ఈసారి పొడి కూడా దొరక్కుండా తింటారు. అడగలేదు. ఆ రాత్రంతా కళ్ల ముందు ఒకటే బొమ్మ: బస్సు లేని ఆయన. ఇంట్లో కుర్చీలో కూర్చుని, కిటికీలోంచి పోయే బస్సులకి తప్పులు పడుతూ.

అందుకే ఇవాళ ఇలా పిల్లుల తిండి పక్కన కూర్చుంది. రుచిగా ఉండే పొట్టు పాస్తా ఒక్కటి దొరికితే చాలు, బన్ను దానంతటదే పోతుంది. ఏది రుచో పొట్లం పైనుంచి ఎలా తెలుస్తుంది? అంతలో ఎర్ర గొడుగు చంకన పెట్టుకున్న ఒకావిడ బండి తోసుకుంటూ వచ్చింది. మనిషి పెద్దమనిషిలా ఉంది, బండిలో కూడా ఆకుకూరలే ఉన్నాయి.

"ఏమండీ, ఈ పొట్టు పాస్తాల్లో ఏది బాగుంటుందో మీకేమైనా తెలుసా?"

"నేను తినను తల్లీ. మా పక్కింటావిడ తింటుంది, తిన్నప్పుడల్లా ఏడుస్తుంది. ఎవరికి? పిల్లలకా?"

"పిల్లలకైతే రెండు దెబ్బలేసి తినిపిద్దును. మా ఆయనకండీ. షుగరొచ్చింది. ఇంట్లో ఇది తినరు, బయట బన్నులు తింటున్నారు. డిపో పరీక్ష నెత్తి మీదుంది, తగ్గకపోతే బస్సు తీసేసుకుంటారు..."

"డిపో అంటే? బస్సు నడుపుతారా?"

"అవునండీ. హాస్పిటల్ దాకా వెళ్లే పచ్చ బస్సు."

గొడుగావిడ చెయ్యి బండి మీద ఆగిపోయింది. "పొద్దున బస్సా? లావుగా, మీసాలతో, ఎక్కేవాళ్లందరికీ తల ఊపుతారు..."

"ఆయనే!" అని మురిసిపోయింది గుండీలక్క.

"నేను రోజూ అందులోనే వెళ్తాను," అంది ఆవిడ, సగం అడుగు వెనక్కి వేసి.

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు పెద్దలు. గుండీలక్క లేచి నిలబడి, "అబ్బే, కొంచెమేనండీ, అంటీ ముట్టనట్టు," అంది. "మాత్ర వేసుకుంటారు... కళ్లు కూడా బాగా కనిపిస్తాయి," అంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ చెప్పడం. కళ్ల సంగతి ఎవరడిగారని? ఆవిడ బండి తిప్పుకుని గబగబా వెళ్లిపోయింది. చేతికి దొరికిన పొట్లం ఒకటి పట్టుకుని గుండీలక్క ఇంటికొచ్చింది గాని, ఏ పొట్లమో ఇల్లు చేరాక కూడా చూసుకోలేదు.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో ఆమెకే తెలియాలి. ఆయన తాళంచెవి గుమ్మంలో తిరిగినప్పుడల్లా ఎదురెళ్లేది. మొహం చూసి కనిపెట్టాలని చూసేది. చెప్పేద్దామని నోరు తెరిచి, "ఉప్పు సరిపోయిందా?" అని మూసేది. లాండ్రీలో తెల్ల చొక్కాకి నల్ల గుండీ కుట్టి యజమాని చేత చీవాట్లు తింది.

చివరికి ఒక సాయంత్రం ముందు వచ్చింది ఆయన కాదు, పైవాటా ఆడబిడ్డ. చెప్పులు కూడా విప్పలేదు.

"ఏం వదినా, తోడబుట్టినదాన్ని, నాకు చెప్పకుండా బస్సుకి బస్సంతా చెప్పావా?"

గుండీలక్క పొయ్యి ఆర్పేసింది.

"ఇవాళ నేనూ ఆ బస్సులోనే ఉన్నాను. సీట్లు ఖాళీగా ఉన్నా కొంతమంది తలుపు దగ్గరే వేలాడుతున్నారు. ఎర్ర గొడుగావిడకి నువ్వే చెప్పావట, ఆవిడ అందరికీ చెప్పింది. ఎవరో డిపోకి ఫోన్ చేశారట. అన్నయ్యని సోమవారమే పరీక్షకి రమ్మన్నారట. నీకింకా చెప్పలేదా?"

"సోమవారమా? ఇంకా నెల ఉండాలే!"

"ఉండేది. అయితే అసలు కథ అది కాదు. ఊతకర్ర మామ్మ లేదూ, ముందు సీట్లో కూర్చునే ఆవిడ? ఎక్కీ ఎక్కగానే కర్రతో డ్రైవరు వెనకున్న అద్దం మీద కొట్టి, 'ఏమయ్యా, నీకూ వచ్చిందటగా షుగరు! దా, మా జట్టులోకి దా!' అని అరిచింది. అన్నయ్య మొహం చూడాలి. బ్రేకు నొక్కాడో, సిగ్గుతో ఒరిగాడో గాని బస్సంతా ముందుకి తూలింది."

నవ్వాలో ఏడవాలో తెలియక గుండీలక్క రెండూ చేసింది.

ఆయన వచ్చేసరికి ఆడబిడ్డ పైకి జారుకుంది. ఆయన టోపీ తీసి మేకుకి తగిలించారు. కూర్చోలేదు.

"ఇంటి గుట్టు లంకకు చేటన్నారు. నీ నోటికి జిప్పు కుట్టడం మాత్రం నీకు రాలేదు," అన్నారు.

"రుచిగా ఉండేది ఏదో కనుక్కుందామని అడిగానండీ. అంతే. నా నోరు పడిపోను."

ఆయన సంచిలోంచి ఒక పొట్లం తీసి బల్ల మీద పెట్టారు. పొట్టు పాస్తా. ఆమె తీసుకుని చూసి నివ్వెరపోయింది. మొదటిసారి తెచ్చి, ప్యాక్ చేసేదని తిట్లు తిన్న రకమే. అదే గోధుమరంగు కాగితం, అదే చిన్న కిటికీ.

"ఇది మీరు వద్దన్న రకమేగా!"

"ఆ మామ్మ చివరి స్టాపులో నన్ను దించి, అక్కడి దుకాణానికి తీసుకెళ్లి మరీ కొనిపించింది. ఎదురుగా హాస్పిటల్ కదా, షుగరు వాళ్లందరూ అక్కడే కొంటారట, అరలో సరుకు నిలవుండదట. పొట్టులో నూనె ఉంటుందట. మన సూపర్ మార్కెట్లో ఎవరూ కొనక అడుగున పడి పడి ముక్కిపోతుందట. చేదు పొట్టు వల్ల కాదు, నిలవ వల్లనంటుంది. నాకేం తెలుసు? కర్రతో పొడుస్తుంటే కొన్నాను."

ఆమె పొట్లం చింపి ముక్కు దగ్గర పెట్టుకుంది. కొత్త గోధుమ పిండి వాసన. తర్వాత అల్మారాలో మిగిలిన పాత పొట్లం వాసన చూసింది. పాత నూనె డబ్బా మూత తీసినట్టుంది. ఇన్నాళ్లూ ఆయనకి పెట్టింది ఇదా అని దాన్ని చెత్తబుట్టలో పడేసింది.

నీళ్లు పెట్టింది. ఉప్పేసింది. పొయ్యి దగ్గర్నించి కదలకుండా ఒక్కో స్ప్రింగు తీసి కొరికి చూస్తూ, మెత్తబడీ బడగానే దించేసింది. ఆయన తింటుంటే ఎదురుగా కూర్చుని ఆయన దవడల వంకే చూసింది. మొదటి ముద్ద. రెండోది. స్ప్రింగులు అంచుకి పోగుపడటం లేదు. ఏదీ పార్కు కావడం లేదు. ఆయన తలెత్తలేదు. గిన్నె అడుగు కనిపించింది.

"బాగుంది. ఇంకొంచెం పెట్టు," అని గిన్నె చాపారు.

ఈ మాట కోసమే కదా ఇన్నాళ్లు తిరిగింది! గరిట ఎత్తింది. ఎత్తాక చెయ్యి ఆగిపోయింది. కొలతగా అన్నాడు డాక్టరు. రుచి లేదని ఇన్నాళ్లు భయం, రుచిగా ఉందని ఇప్పుడు భయం. పెడితే సోమవారం రక్తంలో తేలుతుంది. పెట్టకపోతే రేపు దారిలో బన్ను.

"ఏమిటాలోచన? ఇదీ బస్సులో అడిగి పెడతావా?"

ఆమె సగం గరిట పెట్టింది. మిగతా సగం మళ్లీ వండిన గిన్నెలో వేసి, మూత పెట్టి, మూత మీద చెయ్యి పెట్టుకుంది. "బన్ను మానితే రోజూ ఈ సగం," అంది.

ఆయన ఉలిక్కిపడ్డారు. "ఏ బన్ను?" అని, ఆమె మొహం చూసి, తల దించుకుని పెట్టిన సగమూ తిన్నారు.

సోమవారం ఆమె లాండ్రీలో ఉంది గాని మనసు డిపోలో ఉంది. సూది రెండుసార్లు వేలికి గుచ్చుకుంది. ఇంటికొచ్చేసరికి ఆయన అప్పుడే వచ్చి, యూనిఫాం మీదే మంచం అంచున కూర్చుని ఉన్నారు. టోపీ తలమీదే ఉంది.

"ఏమన్నారు?"

"మొదట చూసినదానికన్నా షుగరు దిగిందన్నారు. ఇంకా దిగాలన్నారు. మళ్లీ చూసేదాకా బస్సు లేదు. టికెట్ల కిటికీలో కూర్చోమన్నారు."

ఆమె ఆయన పక్కన కూలబడింది. "నా నోటి వల్లేనండీ. నెలాగి ఉంటే దిగేదేమో."

"నీ నోరు చెప్పింది, నా నోరు తిన్నది," అన్నారాయన. టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, దాని అంచు తిప్పుతూ కూర్చున్నారు. "ఆ వేలాడినవాళ్లదీ తప్పు కాదులే. రోడ్డు మీద నాకు కళ్లు తిరిగుంటే?" ఆ మాట ఇన్నాళ్లూ ఆమెకి తట్టనే లేదు. ఆయన బస్సు పోతుందనే భయపడింది గాని, బస్సులో ఆయనకేమవుతుందోనని భయపడలేదు. ఆ భయం ఇప్పుడు కొత్తగా మొదలైంది.

టికెట్ల కిటికీ డిపోలో ఉంది, చివరి స్టాపు ఊరి అవతల ఉంది. ఇక పాస్తా తేవడం ఆమె వంతు. పొట్లం అయిపోగానే లాండ్రీకి ఆలస్యంగా వస్తానని చెప్పి పచ్చ బస్సెక్కింది. స్టీరింగు దగ్గర ఎవరో సన్నటి కుర్రడ్రైవరు. మలుపులో బస్సు ఒక్క కుదుపు కుదిపితే, మా ఆయనైతే ఇలా తిప్పరు అని నాలుక చివరిదాకా వచ్చింది.

చివరి స్టాపు దుకాణంలో ఆ అర ఖాళీగా ఉంది. అడుగున పిసరంత గోధుమ పొడి తప్ప ఏమీ లేదు.

"అయిపోయిందమ్మా. లారీ రావాలి," అన్నాడు దుకాణం ఆయన.

"ఎప్పుడొస్తుంది నాయనా?"

"ఇవాళ రావాలి. మరి వస్తుందో రాదో."

రాకపోతే రాత్రికి ఏం పెట్టాలి? వీధిలోని సూపర్ మార్కెట్ ముక్కినదా? మళ్లీ బన్నుల దారి పడితే, మళ్లీ పరీక్ష... ఆమె బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని రోడ్డు వంక చూస్తోంది. ఊతకర్ర టకటకలాడుతూ వచ్చి పక్కనే ఆగింది.

"జరుగమ్మా కాస్త. నువ్వు డ్రైవరు పెళ్లానివి కదూ? కూర్చున్న తీరే చెప్తోంది. తిన్నాడా మా జట్టువాడు?"

"తిన్నారు మామ్మగారూ. సగం గరిట ఎక్కువే అడుగుతున్నారు."

"అడుగుతాడు. పెట్టకు. బస్సు మళ్లీ ఇస్తారా?"

"ఏమో మామ్మగారూ. తగ్గితే ఇస్తారట."

"ఏమో అంటే ఏమో," అని మామ్మ కర్ర ఒళ్లో అడ్డంగా పెట్టుకుని సర్దుకుని కూర్చుంది. మలుపులో ఏదో పెద్ద బండి చప్పుడు వినిపించింది. ఇద్దరూ మెడలు చాచి చూశారు. పాస్తా లారీ కాదు, నీళ్ల ట్యాంకరు.