కాగితాలక్క రాసిన బరువు కాగితం

మా ఆసుపత్రిలో ఆమెను అందరూ కాగితాలక్క అనేవారు. డిశ్చార్జి అయి వెళ్లే రోగి చేతిలో పెట్టే కాగితాలు రాయడం ఆమె పని. ఏ మందు ఎప్పుడు వేసుకోవాలి, ఏం కనిపిస్తే పరుగెత్తుకు రావాలి, అన్నీ అందులోనే ఉండేవి. నేను గుండె వార్డులో నర్సును. నాకు నోటిదురుసు ఉంది, కాదనను. మొదట్లో ఆమెను చూస్తే ఒళ్లు మండేది. మేం ఊపిరాడకుండా పరుగులు తీస్తుంటే, ఈవిడగారు మెట్లకింద గదిలో కూర్చుని ఒక్క వాక్యాన్ని పూటంతా చెక్కేది!

ఎందుకలా చెక్కేదో తర్వాత తెలిసింది. ఇక్కడుంటే రోగి మమ్మల్ని అడుగుతాడు. ఇంట్లో కాగితమొక్కటే దిక్కు. అది అర్థం కాకపోతే మనిషే పోవచ్చు. ఆ భయం ఆమెను కుదురుగా కూర్చోనిచ్చేది కాదు.

అందుకే ఒక పద్ధతి పెట్టుకుంది. రాసిన ప్రతి కాగితాన్నీ ముందు లిఫ్టు నడిపే అతనికి చదివి వినిపించేది. ఐదో తరగతితో బడి మానేసినవాడు. ఏం తెలిసిందో అతను తిరిగి చెప్పాలి. తడబడితే ఆ వాక్యం కొట్టేసేది.

"'ఆహార స్వీకరణకు ముందు' ఏంటక్కా? ఎవరైనా సన్మానం చేస్తున్నారా? తినేముందు అంటే పోలా!"

లిఫ్టులో నిలబడ్డవాళ్లు విసుక్కునేవారు. అక్క మాత్రం నవ్వుతూ కొట్టేసి రాసుకునేది. పద్నాలుగేళ్లు అలాగే నడిచింది.

గుండె బలహీనపడ్డవాళ్ల కోసం బరువు కాగితం రాసింది. 'రోజూ ఉదయం బరువు చూసి రాసుకోండి. రెండు కిలోల తేడా వస్తే వెంటనే రండి.' లిఫ్టతను ఠక్కున చెప్పేశాడు.

"ఒంట్లో నీరు చేరితే బరువు పెరుగుద్ది. అప్పుడు రావాలి. అంతేగా అక్కా?"

అంతే, అచ్చుకు పోయింది. దాన్ని ఒక దర్జీ భార్య చేతిలో పెట్టింది నేనే. "ఇందులో ఉన్నట్టు చెయ్యమ్మా" అన్నాను. అవతలి మంచం నుంచి ఎవరో పిలుస్తుంటే వెళ్లిపోయాను.

పన్నెండో రోజు దర్జీని మోసుకొచ్చారు. ఊపిరి అందడం లేదు. మధ్యాహ్నానికల్లా పోయాడు. చెప్పినట్టు రోజూ చూసుకుని ఉండరు, ఎవరు వింటారు మన మాట అని తిట్టుకున్నాను.

నెల తిరక్కుండా ఆయన భార్య క్యాలెండరు పట్టుకుని వచ్చింది. ఒక్క రోజు కూడా వదల్లేదు. ప్రతి గడిలో ఒక అంకె, గుండ్రంగా, పొందిగ్గా. యాభై రెండుతో మొదలై యాభై తొమ్మిది దగ్గర ఆగింది.

"మీరు చెప్పినట్టే చేశానమ్మా. మందుల షాపు ముందున్న మిషన్ మీద రోజూ నిలబెట్టా. ఒళ్లు చేస్తున్నాడని ఎంత సంబరపడ్డామో! నడుం పట్టట్లేదని ఆయనే ప్యాంటు కుట్లు విప్పుకుని వదులు చేసుకున్నాడు. బరువు తగ్గుంటే పరుగెత్తుకొచ్చేదాన్ని. పెరిగితే ఆసుపత్రికి ఎందుకొస్తారమ్మా ఎవరైనా?"

 ఆమెను మెట్లకింద గదికి తీసుకెళ్లాను. కాగితాలక్క క్యాలెండరు చూసింది, తన కాగితం తీసి మళ్లీ చదువుకుంది. అందులో పెరగడమన్న మాట లేదు, నీరన్న మాటా లేదు. ఆ రెండూ లిఫ్టతను తన బుర్రలోంచి చెప్పినవి.

సంగతి తెలిసి అతను పరుగెత్తుకొచ్చాడు. "నాకు నిజంగా అర్థమైందక్కా, ఒట్టు!" అని భోరుమన్నాడు.

"నీకు అర్థమవుతుంది తమ్ముడూ. నా కాగితాలు విని విని నువ్వు సగం డాక్టరువైపోయావు. నేనే చూసుకోలేదు" అంది అక్క.

మరి నేను? ఒక్క నిమిషం నిలబడి నోటితో చెప్పి ఉంటే! అది నన్ను ఇప్పటికీ తినేస్తోంది.

అక్క మూడు వారాలు కలం ముట్టలేదు. ఇంక రాయదనే అనుకున్నాం. ఒకరోజు, "దర్జీ వాళ్లింటికి వెళ్లాలి, తోడు రావే" అంది. ఒక్కటే గది. కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పి ఉంది. క్యాలెండరు మళ్లీ గోడకెక్కింది, నెల మార్చలేదు. అక్క కొత్త కాగితం చదివింది.

'బరువు పెరుగుతోందని సంతోషపడకండి. అది కండ కాదు, ఒంట్లో చేరిన నీరు. రెండు కిలోలు పెరిగితే ఆ రోజే రండి.'

"ఏం తెలిసిందమ్మా?" అని అడిగింది.

 దర్జీ భార్య లేచి గోడ దగ్గరికి వెళ్లింది. ఒక్కో గడి మీదుగా వేలు జరుపుకుంటూ పోయి, యాభై నాలుగు అని రాసిన చోట ఆపింది.

"ఈ రోజు తీసుకురావాల్సింది" అంది.