మా వసారాలో తెల్లబల్బు పెట్టిన సాయంత్రం

మా చిన్నప్పుడు మా ఇంట్లో దెబ్బలన్నీ లైటు దగ్గరే మొదలయ్యేవి...

వంటింట్లో లైటు ఆర్పడం మర్చిపోయి అమ్మ పెరట్లోకి వెళ్లిందంటే చాలు, నాన్న బెల్టు తీసేవాడు. "కరెంటు నీ అబ్బ పంపిస్తన్నాడా" అంటూ మొదలుపెడితే, అమ్మ గోడ వారన కూలబడేదాకా ఆ చెయ్యి ఆగేది కాదు. నేనూ చెల్లీ మంచం కింద దూరి చెవులు మూసుకునేవాళ్లం. మా నాయనమ్మ మాత్రం అరుగు మీద కూర్చుని అడకత్తెరతో వక్కలు కత్తిరించుకుంటూ ఉండేది... తనకేమీ వినపడనట్టు.

మాది బందరు. గిలకలదిండి వెళ్లే దారిలో మా వీధి. నాన్న ఇళ్లకి వైరింగు చేసేవాడు. పనిమంతుడు, అది కాదనను. మెలికలు తిరిగిన తెల్లబల్బులు, అదే సీఎఫ్ఎల్‌లు, కొత్తగా వస్తున్న రోజులవి. నాన్న వాటికి భక్తుడైపోయాడు. పనికి వెళ్లిన ప్రతి ఇంట్లోనూ గుండు బల్బు దగ్గర చెయ్యి పెట్టించి, "చూశారా ఎట్లా కాలతందో... మీ బిల్లంతా ఈ వేడికే పోతందండీ. ఇది పెట్టుకోండి. కరెంటు తక్కువ తాగుద్ది, ఇల్లు పగల్లా ఉంటది" అని ఎంత మర్యాదగా చెప్పేవాడో. విన్నవాళ్లు మా అమ్మది అదృష్టం అనుకునేవారు. చేపలమ్మే మరియమ్మత్త అయితే ఆయన మాట విని ఇంటినిండా అవే పెట్టించుకుంది.

మా వసారాలో మాత్రం మసిపట్టిన గుండు బల్బే... సాయంత్రమైతే వోల్టేజి పడిపోయి, దాని వెలుతురు దానికే చాలేది కాదు. అమ్మకి అదే మేలు. కమిలిన చెంపలు ఆ మసకలో ఎవరికీ కనపడేవి కావు.

మా వీధిలో వారానికొకరి ఇంట్లో గృహకూడిక జరిగేది. అందరూ చేరి పాటలు పాడి, బైబిలు వాక్యం చదువుకుని, ప్రార్థన చేసుకునేవారు. ఆడవాళ్లు తలమీద చెంగు కప్పుకుని కూర్చోవాలి. మా వంతు వచ్చినప్పుడల్లా అమ్మ ఆ చెంగుని కనుబొమల దాకా లాక్కుని స్తంభం పక్కన ఒదిగి కూర్చునేది.

ఆ వారం మా వంతు. ముందురోజే దెబ్బలు పడ్డాయి. ఈసారి బెల్టు బకిల్ కంటికి తగిలింది. కన్ను వాచి మూసుకుపోయి, నీరు కారుతూనే ఉంది. ఆస్పత్రికి వెళ్తే ఎలా తగిలిందని అడుగుతారని నాన్న గడప దాటనివ్వలేదు. అమ్మ కన్ను పోతుందేమోనని నాకు ఒకటే భయం.

నాన్నకి ఇదేమీ పట్టలేదు. నలుగురూ వస్తారు కదా, తన గొప్ప చూపించుకోవాలి... వసారాలో గుండు బల్బు తీసేసి కొత్త తెల్లబల్బు పెట్టాడు. కొట్టినవాడికి దెబ్బ ఎక్కడ తగిలిందో ఎందుకు గుర్తుంటుంది లెండి.

లైటు వెయ్యగానే వసారా అంతా తెల్లగా అయిపోయింది. "పుస్తకంలో అక్షరాలు ఇయ్యాలే కనపడతన్నాయండీ" అని కూడికకి వచ్చినవాళ్లు మెచ్చుకున్నారు. నాన్న పొంగిపోయాడు. వాక్యం చదవడం ఆ ఇంటి ఇల్లాలి వంతు. అమ్మ ఒంటి కంటితో చదువుతూ, ఒకే వరుస దగ్గర మళ్లీ మళ్లీ తడబడింది.

కూడిక నడిపించే పాస్టరమ్మగారు దగ్గరికి జరిగి చెంగు పక్కకి తీశారు. "ఇటు చూడమ్మా మణీ" అన్నారు.

"తలుపు తగిలిందండీ" అంది అమ్మ, ఎవరూ అడక్కుండానే.

అప్పుడు వెనక నుంచి నాయనమ్మ గొంతు వినపడింది. "తలుపు కాదండీ. నా కొడుకే కొట్టాడు. రోజూ కొడతన్నాడు."

నాన్న కుర్చీ ఎత్తి బల్బుని ఒక్కటి కొట్టాడు. గాజుముక్కలు మా తలల మీద, పుస్తకాల మీద పడ్డాయి. ఆ మసక చీకట్లోనే అమ్మ జుట్టు పట్టుకుని లోపలికి ఈడ్చాడు. మరియమ్మత్త లేచింది. రోజూ చేపల గంపలెత్తే చేతులు ఆవిడవి... నాన్న మణికట్టు పట్టుకుని వెనక్కి విరిచి, మోకాళ్ల మీద కూలదోసింది. మిగతా ఆడవాళ్లు ఎవరి చేతికి అందింది వాళ్లు తీసుకున్నారు. పాస్టరమ్మగారు ఎవర్నీ ఆపలేదు.

నాన్న పెదవి చిట్లి చొక్కా మీద రక్తం కారుతుంటే, మరియమ్మత్త కూతుర్ని పంపి తనింట్లో బల్బు తెప్పించింది. దాన్ని నాన్న చేతిలో పెట్టింది.

"నువ్వు పెట్టుకోమన్నదే కదా అన్నయ్యా. బిగించు. వదిన కన్ను చూడాల."

నాన్న అదే కుర్చీ ఎక్కి బిగించాడు. ఆ వెలుతుర్లో అమ్మ ముఖం కడిగి, రిక్షా ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్లారు. కన్ను దక్కింది... చూపు మాత్రం కొంచెం మసకే.

మర్నాటి నుంచి కూడిక రోజూ మా వసారాలోనే పెట్టారు. వచ్చిన ప్రతి మనిషీ ముందు ఆ బల్బు కింద అమ్మ ముఖం చూసి, తర్వాతే చాప మీద కూర్చునేది. నాన్న మారిపోయాడని చెప్పను. వాళ్లకి భయపడ్డాడు. మాకు అది చాలింది.

ఇప్పుడు మా వీధినిండా ఎల్ఈడీలే. ఇంకా ఎవరైనా గుండు బల్బులు వాడుతుంటే మార్చేయండి, నాన్న ఆ ఒక్క విషయంలో నిజమే చెప్పాడు. కానీ ఇప్పుడు వసారాలకి గ్రిల్సు, గ్రిల్సుకి తెరలు... కూడిక కూడా ఫోన్లోనే అయిపోతోంది. మొన్న ఊరెళ్లినప్పుడు, పక్కింటికి కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి ఎలా ఉందని అడిగాను. ఆ పిల్ల ముఖం వీధిలో ఎవరూ చూడలేదట.

మీ అమ్మ ముఖం చూడ్డానికి రోజూ వచ్చిపోయే మనిషి మీ వీధిలో ఎవరైనా ఉండేవారా... ఆవిడ గురించి రాయండి. రాసేముందు ఒకసారి మీ పక్కింటి తలుపు కొట్టి రండి.