మా మేడమ్ వేసిన బాస్కెట్

పోయిన నెల ఒక మధ్యాహ్నం హిందూపురం మార్కెట్లో కూరగాయలు కొంటుండగా పెనుకొండ నుంచి నా పాత క్లాస్‌మేట్ ఫోన్ చేసింది. హైస్కూల్లో మాకు ఆటలు నేర్పిన మేడమ్ ఆ ఉదయం ధర్మవరంలో, వాళ్ళ తమ్ముడి ఇంట్లో పోయారని చెప్పింది. ఆమెకు గుండె బాగాలేదని కొన్నాళ్ళుగా తెలుసు. అయినా సంచి ఒళ్ళో పెట్టుకుని అక్కడే ఒక అంగడి మెట్టు మీద కూర్చుండిపోయాను. మర్నాడు పేపర్లో ఒక మూల, రిటైరైన వ్యాయామ ఉపాధ్యాయురాలు చనిపోయినట్టు చిన్న వార్త వేశారు. ఆమె మన దేశం తరఫున బాస్కెట్‌బాల్ ఆడారన్న మాట అందులో లేదు. ఆ మాట చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మేడమ్‌ది ధర్మవరంలో మగ్గం మీద బతికే కుటుంబం. నాయన పట్టుచీరలు నేసేవారు. ఈమె చిన్నప్పటి నుంచి బాగా పొడుగు. ఇంత పొడుగు పిల్లకు మొగుణ్ణి యాడ తెస్తారని చుట్టాలు దిగులు పడుతుంటే, రైల్వేలో పనిచేసే పక్కింటాయన మాత్రం ఆ పొడుగు చూసే ఆమెను ఆటకు పిలుచుకుపోయారట. అక్కడి మట్టి కోర్టు నుంచి జిల్లా జట్టుకు, రాష్ట్ర జట్టుకు, చివరికి దేశపు జట్టుకు చేరారు. మన ఆడపిల్లల జట్టు బయటి దేశాలకు పోయి ఆడటం అప్పుడప్పుడే మొదలైన రోజులవి. జట్టులో అందరికన్నా వయసులో చిన్నది ఈమే.

వాన పడి ప్రాక్టీసు ఆగిపోతే స్కూలు వరండాలో కూర్చోబెట్టి, ఆ జట్టుతో బయటి దేశానికి పోయిన సంగతి చెప్పేవారు. అక్కడ కోర్టు చెక్కది. అద్దంలా మెరుస్తుంటే దాని మీద అడుగు పెట్టడానికే భయపడ్డారట. మట్టిలో ఆడి అరిగిన బూట్లు జారుతుంటే తడిగుడ్డతో అడుగులు తుడుచుకుంటూ ఆడారట. అవతలి వాళ్ళు వేసిన ప్రతి బంతీ పడుతోంది. సగం ఆట అయ్యేసరికి మన జట్టులో ఒక అక్క ఏడుస్తూ, నేనిక లోపలికి పోనని కూర్చుండిపోయింది. అప్పటిదాకా బెంచీ మీదున్న మేడమ్‌ను పంపారు. కాసేపటికి ఎట్లో బంతి చేతికందింది. దూరం నుంచే వేశారు. పడింది. చుట్టూ ఉన్న విదేశీయులంతా చప్పట్లు కొట్టారు. ఎగతాళి చేస్తున్నారేమోనని ముందు అనుమానపడి, వాళ్ళ ముఖాలు చూసి, కాదని తెలుసుకుని, అట్లే నిలబడిపోయారట.

"నేను దాన్ని చూస్తా నిలబడినాను. వాళ్ళు నా పక్కనే పరిగెత్తుకుంటా పోయి ఇంకొకటి వేసేసినారు," అని నవ్వేవారు. తర్వాత నవ్వు ఆపి మా అందరి వైపూ చూసేవారు. "బంతి పడిందని చూస్తా నిలబడాకండి. వెనక్కి పరిగెత్తండి."

ఆ పోటీల్లో వాళ్ళు ఒక్క ఆటా గెలవలేదు. తిరిగొచ్చాక వీధిలో ఒకాయన, ఓడిపోయేదానికి అంత దూరం పోవల్లనా అని అడిగాడట. "పోకుంటే ఎంత వెనకుండామో ఎట్ల తెలిసేదప్పా?" అన్నారట ఈమె. జట్టు కోసం ఇచ్చిన కోటును వాళ్ళమ్మ చలికాలం తెల్లవారుజామున నీళ్ళకు పోయేటప్పుడు తొడుక్కునేది. ఆ సంగతి చెప్పేటప్పుడు మేడమ్ ముఖంలో బాధ ఎప్పుడూ చూడలేదు. అమ్మకు చలి తగ్గింది కదా అనేవారు.

తర్వాత పెనుకొండకు టీచరుగా వచ్చారు. హిందూపురంలో జరిగే పోటీలకు నా పేరు రాసినప్పుడు మా నాయన వద్దన్నాడు. బస్టాండు దగ్గర ఆయనకు సైకిల్ షాపు. మేడమ్ నేరుగా షాపుకే వచ్చారు. నాయన చేతులు తుడుచుకుంటూ లేచి, ఆడపిల్ల నిక్కరేసుకుని ఊర్లు తిరగడం మా ఇంట్లో లేదు మేడమ్ అన్నాడు. నేను పంక్చర్ నీళ్ళ తొట్టి పక్కన నిలబడి, ఆమె వాదిస్తారని, నాయన ఇంకా బిగుసుకుంటాడని అనుకున్నాను. ఆమె వాదించలేదు.

"మీరూ రాండి. ఆట చూడండి. చూసినాక కూడా నచ్చకుంటే, నేనే పిల్లను పిలవను."

నాయన షాపు మూసి వచ్చాడు. ఎండలో చేతులు కట్టుకుని, కోర్టుకు దూరంగా ఒక్కడే నిలబడ్డాడు. మేము ఓడిపోయాం. ఇక ఇదే నా చివరి ఆట అనుకున్నాను. తిరుగు బస్సులో నాయన కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు. సోమందేపల్లి దాటినాక నా వైపు తిరిగాడు.

"అవతలి జట్టు పొడుగు పిల్ల వస్తాంటే నువ్వు పక్కకు జరిగినావు. జరక్కుండా నిలబడుంటే ఆగిపోయేది."

ముందు సీట్లో మేడమ్ వెనక్కి తిరగలేదు కానీ ఆమె భుజాలు కదలడం చూశాను. నవ్వుతున్నారు. ఆ తర్వాత ఏ ఊరికి పోయినా నాయన అడ్డు చెప్పలేదు.

మేడమ్ మమ్మల్ని గొప్ప ఆటగాళ్ళను చేయలేదు. మాలో ఎవరమూ రాష్ట్రం దాకా కూడా పోలేదు. కానీ పెళ్ళిళ్ళలో, ఆస్పత్రుల్లో, ఆఫీసుల్లో ఆ జట్టు పిల్లలు ఇప్పటికీ ఒకరికొకరు తగులుతుంటాం. మేం నిలబడే తీరు చూస్తే తెలిసిపోతుంది. వీపు వంచుకుని నిలబడితే ఆమె వెనక నుంచి వచ్చి రెండు వేళ్ళతో పొడిచేవారు. పొడుగును దాచుకోవాకు పాపా, ఇచ్చిన పొడుగంతా నీదే అనేవారు.

కిందటి ఏడాది ఆమెను చూడటానికి ధర్మవరం పోయాను. మాట్లాడుతుంటే ఆయాసం వస్తోంది. వద్దన్నా వినక, కర్ర పట్టుకుని ఆటోలో స్టేషన్ దాకా వచ్చారు. రైలు కదిలింది. నేను చేయి ఊపాను. ఆమె ఊపలేదు. కర్రను గోడకు ఆనించి కుడిచేయి నిటారుగా పైకెత్తారు. మణికట్టు ముందుకు వంచి, వేళ్ళు కిందికి వదిలారు. బంతి చేయి దాటిపోయినా, అది బాస్కెట్ చేరేవరకు చేయి అట్లే ఉంచాలని మాకు నేర్పింది ఆమే. ప్లాట్‌ఫారం మీద జనం ఆమెను తప్పుకుంటూ నడుస్తున్నారు. రైలు మలుపు తిరిగేదాకా ఆ చేయి దిగలేదు.