నలభైలో తప్పిపోయిన పదకొండు మంది

దోర్కమ్మ చేత సంతకం పెట్టించడమంటే మాటలు కాదు! ఉప్పల్‌లో మా కంపెనీ నడిపే కుట్టు సెంటర్‌లో ఆవిడే టీచరు. భర్త పోయాక కుట్టుపని మీదే ఇద్దరాడపిల్లల్ని పెంచుకొచ్చింది. నేను నాచారం ఆఫీసులో పనిచేస్తాను. కంపెనీ జనానికి చేసిన మేలంతా ఏటా సీఎస్ఆర్ రిపోర్టుగా రాయడం నా పని.

ఈ ఏడు "నలభై మంది శిక్షణ పొందారు" అని రాసుకుని సంతకానికి వెళ్లాను. కళ్లద్దాలు సవరించుకుని చదివింది.

"నలభై మంది యాడున్నరు బిడ్డా? పదకొండు మంది నడుమనే బంద్ జేసిన్రు. గది గూడ రాయి."

"అమ్మో! అలా రాస్తే సెంటర్ ఎత్తేస్తారండీ. మీ ఉద్యోగం పోతుంది!"

"పోతే పోనీ. అబద్ధం మీద నా దస్కత్ ఎందుకు?" అంది గానీ కాగితం వెంటనే తిరిగివ్వలేదు. చిన్నమ్మాయి చదువింకా పూర్తి కాలేదు మరి.

మనసులో తిట్టుకుంటూనే, మానేసినవాళ్లని వెతుకుతూ ఆవిడ వెంట గల్లీలన్నీ తిరిగాను. తొమ్మిది మంది దొరికారు. అందరిదీ ఒకటే మాట. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు పొద్దున పదింటికి వస్తాయి. మా క్లాసూ పదింటికే! బిందెలు వదిలేసి ఎవరొస్తారు? టైము పెట్టేముందు ఒక్కరినైనా అడిగామా? నాకు సిగ్గేసింది. ఉన్నదున్నట్టు రాసేశాను. ఇరవై తొమ్మిది మంది నేర్చుకున్నారు, తొమ్మిది మంది నీళ్ల కోసం మానేశారు, ఇల్లు మారిపోయిన ఇద్దరి సంగతి మాకు తెలియదు.

సెంటర్ ఉంచాలా తీసేయాలా అన్నది మా మేనేజరు రామ్మోహనరావు గారి చేతిలో ఉంది. మా ఇద్దరినీ పిలిపించి, ఎదురుగానే రిపోర్టు చదివారు. మళ్లీ చదివారు. దోర్కమ్మ కొంగు నలుపుతూ కూర్చుంది.

"ఆరేళ్లుగా చదువుతున్నాను, ఎప్పుడూ అంతా బ్రహ్మాండమే! నేను చేయాల్సిన పనంటూ కనబడింది ఇందులోనే. క్లాసు మధ్యాహ్నం మూడింటికి మార్చండి."

"దేవునికి స్తోత్రం!" అంది దోర్కమ్మ. నాకు లేచి గంతులేయాలనిపించింది.

"అవునూ, ఆ ఇద్దరూ ఏమైనట్టు?" అని అడిగారాయన.

"బోడుప్పల్ దిక్కు పోయిన్రంట సార్. ఇయ్యాల పోయి దేవులాడుత. మీరు గూడ రాండ్రి, మీరే అడుగుదురు."

నాలుక కరుచుకున్నాను. మేనేజరుని పట్టుకుని అలా అనేయడమేనా! ఆయన మాత్రం గట్టిగా నవ్వి, కారు తాళాలు తీసుకుని లేచారు.