రైలుకేం కాదన్న హాస్కెట్

లెమ్యుయెల్ హాస్కెట్‌కి ఒకే ఒక్క జబ్బు. తెరమీద రైలు ఆపదలో పడితే నోరు మూసుకోలేడు.

పెన్సిల్వేనియాలోని ఆ రైల్వే ఊళ్లో విల్మా స్ట్రౌడ్‌కి చిన్న సినిమాహాలు ఉండేది. ప్రతి శనివారం మధ్యాహ్నం సీరియల్‌లో ఒక భాగం వేసేది. దుండగులు పట్టాలు ఊడదీసేవారు, రైలు దూసుకొచ్చేది, సరిగ్గా అక్కడ బొమ్మ ఆగిపోయేది. మిగతా కథకి వారం ఆగాలి. హాస్కెట్ ఆగనిస్తేగా! ఈ రిటైరైన రైలు గార్డు వెనక వరసలో లేచి నిలబడి, "రైలుకేం కాదు. ఆ హీరోయిన్ పిల్ల జెండా ఊపి ఆపేస్తుంది," అనేవాడు.

విల్మా బతిమాలింది. మూకీ బొమ్మకి పియానో వాయించేవాణ్ణి ఇంకా గట్టిగా వాయించమంది. ఆయన గొంతు ముందు పియానో దోమలా మూలిగింది. జనం రావడం తగ్గాక, ఇక రావద్దని చెప్పేసింది. ఆయన టోపీ తీసి, సరేనని వెళ్లిపోయాడు.

ఆ శనివారం తెరమీద వంతెన పేలింది. బొమ్మ ఆగింది. హాలంతా నిశ్శబ్దం. ఎంత హాయి అనుకుంది విల్మా. ఇంతలో కోరా పెంగెలీ లేచి, కోటు కూడా వదిలేసి స్టేషన్ వైపు పరుగెత్తింది. ఆమె మొగుడు నాలుగింటి బండి నడుపుతున్నాడు. కోటు పట్టుకుని విల్మా వెంటపడింది.

బండి నలభై నిమిషాలు ఆలస్యం. బల్ల మీద హాస్కెట్ కూర్చుని ఉన్నాడు, కోరా చెయ్యి పట్టుకుని.

దూరంగా కూత వినబడింది. పట్టాల మీద ఆవులు పడుకున్నాయట. డ్రైవరు నవ్వుతూ దిగాడు. కోరాతో పాటు విల్మా కూడా ఏడ్చేసింది.

అప్పుడు చెప్పింది కోరా. వాళ్ల నాన్న రైలు ప్రమాదంలోనే పోయాడు. సీరియల్ చూడకుండా తను ఉండలేదు, చూస్తే ఆ రైలు ఏమైందోనని వారమంతా నిద్ర పట్టదు. అందుకని హాస్కెట్ ప్రతి గురువారం ట్రాములో రెండు గంటలు ప్రయాణం చేసి, పక్క పట్నంలో తర్వాతి భాగం ముందే చూసొస్తాడు.

విల్మాకి తల కొట్టేసినట్టయింది. "వచ్చే వారం నుంచి కోరా పక్కనే కూర్చోండి హాస్కెట్ గారూ. చెవిలో చెప్పండి చాలు."

ఆయన టోపీ నలుపుకుంటూ నిలబడ్డాడు.

"ముప్పై ఏళ్లు రైలు మోతలో మాట్లాడినవాణ్ణమ్మా. నాకు గుసగుస రాదు."

ఆ మాట ప్లాట్‌ఫాం ఆ చివరున్న పోర్టరుకి కూడా వినబడింది.