మనవడి మీద అసూయ

సాల్ట్ లేక్ సిటీ వెళ్లే బస్సులో నా పక్కన ఒక నల్లజాతి పెద్దాయన కూర్చున్నారు. పన్నెండేళ్ల మనవడికి ఆదివారం తమ మార్మన్ చర్చిలో ప్రీస్ట్‌హుడ్, అంటే ఆరాధనలో సేవ చేసే అర్హత, ఇస్తున్నారని చెప్పారు.

“చాలా హ్యాపీగా ఉండుంటుంది మీకు,” అన్నాను.

“అసూయగా ఉందమ్మా. ఆ వయసులో నా ఫ్రెండ్స్ చర్చిలో పవిత్రమైన రొట్టె పళ్ళెం పట్టుకుని పంచేవారు. నల్లవాళ్లకి ప్రీస్ట్‌హుడ్ లేదన్నారు. రూల్ మారేసరికి నాకు ఇరవై ఏళ్లు.”

ఖాళీ చేతుల్ని పళ్ళెం పట్టుకున్నట్టు ఎత్తి, దించేశారు.

మా నాన్న అన్నయ్యకు రుద్రం నేర్పుతూ, ఆడపిల్లకు తగదని నన్ను బయటికి పంపేవారు. తలుపు చాటున విని నేర్చుకున్నాను. ఇప్పుడు మేముండే ఫ్రిస్కోలో, గుడిలో మా అమ్మాయి అందరి ముందూ చదువుతుంటే నాకు కడుపు మండుతుంది. ఆ మాట మొదటిసారి ఆయనతోనే అన్నాను.

“అయితే చదవమ్మా, వింటాను,” అన్నారు.

బస్సులో అందరూ తిరిగి చూస్తున్నా, మా అన్నయ్య కంటే గట్టిగా చదివాను.